హుసేన్ ఖాన్ రక్తం ఎవరి ఖాతాలో?

1897 ఆగస్టు. సికింద్రాబాద్ బేగంపేట. మలేరియాతో వొణికిపోతున్న ఒక మనిషిని దోమతెర లోపల పడుకోబెట్టారు. అతని మీదికి దోమల్ని వదిలారు. రక్తం తాగిన దోమకు ఒక అణా చొప్పున లెక్కగట్టి అతని చేతిలో పెట్టారు. ఆ దోమల్ని కోసి చూసిన రోనాల్డ్ రాస్ ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20 ప్రపంచ దోమల దినమయింది. బేగంపేటలో ఆయన పేరు మీద పరిశోధనా సంస్థ వెలిసింది. దోమతెర లోపల పడుకున్న మనిషి పేరు హుసేన్ ఖాన్.

రాస్ గురించి పుస్తకాలున్నాయి. ఆయన కవిత్వం గురించి కూడా రాశారు. హుసేన్ ఖాన్ మాత్రం ఆ పుస్తకాల్లో రోగిగానే మిగిలాడు. ఒక పేరు, ఒక జ్వరం, కొన్ని అణాలు. అంతే. అతనికి ఇల్లుందా, పెళ్ళాం పిల్లలున్నారా, దోమలు కుట్టేటప్పుడు ఏ దువా చదువుకున్నాడు, ఇవన్నీ శాస్త్రానికి అక్కర్లేని విషయాలు. శాస్త్రానికి కావలసింది రక్తం. అది దొరికింది.

ఇప్పుడు ఈ కథ ఎందుకంటారా? మేం ఈమధ్య రెండు రకాల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. ఒక పక్క ఆధునిక ఇస్లామిక్ ఆలోచన గురించిన పుస్తకాలు. ఇంకో పక్క ప్రపంచ ప్రజారోగ్యం గురించిన పుస్తకాలు. మొదటి వాటిలో మా మతం ఉంది, మా వొళ్ళు లేదు. రెండో వాటిలో మా వొళ్ళు ఉంది, మేం లేం. హుసేన్ ఖాన్‌కు జరిగింది నూటపాతికేళ్ళ నుంచి మాకు జరుగుతూనే ఉంది. ఈ మాట చెప్పకపోతే మా అస్తిత్వం గురించి మేం రాసే రాతలకు అర్థం లేదు.

ముందు ప్రజారోగ్యం పుస్తకాల సంగతి చూద్దాం.

ప్రపంచ ఆరోగ్యం అనే మాట కొత్తది. దాని తాతముత్తాతలు పాతవాళ్ళే. 1865లో హజ్‌కు పోయిన వేలమంది కలరాతో చచ్చిపోయారు. ఆ కలరా యూరప్‌కు పాకింది. వెంటనే 1866లో ఇస్తాంబుల్‌లో దేశదేశాల డాక్టర్లూ దౌత్యవేత్తలూ సభ పెట్టుకున్నారు. హాజీని ఎక్కడ ఆపాలి, ఎన్నిరోజులు నిలిపెయ్యాలి, ఇదీ చర్చ. 1882 నుంచి ఎర్ర సముద్రంలో కమరాన్ అనే దీవిలో హాజీలను దింపి నిర్బంధంలో ఉంచారు. హిందుస్తాన్ నుంచి, జావా నుంచి పోయిన మా పూర్వీకులు ఆ దీవి దాటితే తప్ప మక్కా చూడలేదు. అంటురోగాన్ని ఆపడం తప్పని మేం అనడం లేదు. కానీ గొర్రెల్ని కుక్కినట్టు హాజీల్ని ఓడల్లో కుక్కి డబ్బు చేసుకున్న కంపెనీల మీద లేని అనుమానం హాజీ మీద ఎందుకు పడింది? సరుకుతో పోయిన ఓడ వ్యాపారం. యాత్రికులతో పోయిన ఓడ రోగం!

అది పాత కథ అనుకుందామా? 2020 మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ సంగతి బయటపడింది. అక్కడికి పోయొచ్చిన ఆరుగురు కోవిడ్‌తో చనిపోయారని తెలంగాణ సర్కారు ప్రకటించింది. చనిపోయినవాళ్ళకు ఎవరూ ఫాతెహా చదవలేదు. బూతులు చదివారు. 'కరోనా జిహాద్' అన్నారు. కూరగాయల బండి తోసుకునేవాణ్ణి పేరడిగి వాడకట్టులోంచి తరిమారు. అంతమందిని అలాంటి సమయంలో ఒకచోట ఉంచడం తప్పే. మర్కజ్ పెద్దలు జవాబు చెప్పాల్సిందే. కానీ ఒక తప్పుకు ఒక కోమునంతా క్రిమిగా మార్చిన తప్పుకు ఎవరు జవాబు చెప్పారు? 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లిగీల మీది కేసులు కొట్టేస్తూ, వీళ్ళను బలిపశువుల్ని చేశారని చెప్పింది. ఆ తీర్పు పేపర్లలో ఏ మూలకు పోయిందో వెతుక్కోవలసి వచ్చింది. 1866లో హాజీ, 2020లో తబ్లిగీ. ఓడ మారింది, అనుమానం మారలేదు.

పోలియో చుక్కల సంగతికొద్దాం. ప్రజారోగ్యం పుస్తకాల్లో మేం ఎక్కువగా కనిపించేది ఇక్కడే. 'ప్రతిఘటన', 'అపోహలు', 'మత విశ్వాసాలు' అనే మాటల కింద కనిపిస్తాం. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ముస్లిం తల్లులు తలుపులు వేసుకున్నారు, చుక్కలు వేస్తే పిల్లలు పుట్టకుండా పోతారని భయపడ్డారు అని రాస్తారు. నిజమే, భయపడ్డారు. ఆ భయం ఖురాన్‌లోంచి వచ్చిందా? 1976 నవంబరులో హర్యానా మేవాత్‌లో ఉత్తావర్ అనే ఊరిని పోలీసులు చుట్టుముట్టారు. మేవ్ ముస్లింల ఊరది. మగవాళ్ళను పట్టుకుపోయి నస్‌బందీ చేశారు. ఆ ఒక్క ఏడాదిలో దేశమంతా 80 లక్షలకు పైగా ఆపరేషన్లు. అందులో దళితులున్నారు, గరీబు హిందువులున్నారు, మేమూ ఉన్నాం. అదే సర్కారు పాతికేళ్ళ తర్వాత చిన్న సీసా పట్టుకుని మళ్ళీ తలుపు తట్టింది. తల్లి అనుమానపడితే అది మూఢత్వమా, జ్ఞాపకమా?

నైజీరియాలో కానో సంగతీ ఇంతే. 1996లో అక్కడ మెదడు పొరల వాపు వ్యాధి చెలరేగినప్పుడు ఫైజర్ కంపెనీ సుమారు 200 మంది పిల్లలతో ట్రోవాన్ అనే మందు ప్రయోగం నడిపింది. 11 మంది పిల్లలు చనిపోయారు. మందు వల్ల కాదు, జబ్బు వల్ల పోయారంది కంపెనీ. కోర్టులు, కేసులు నడిచి 2009లో కానో రాష్ట్రంతో ఏడున్నర కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. ఈ కేసు నలుగుతున్న కాలంలోనే, 2003లో, కానో పెద్దలు పోలియో చుక్కలు వద్దన్నారు. పుస్తకాల్లో 2003 గురించి పేజీలకు పేజీలున్నాయి. 1996 గురించి ఒక పేరా ఉంటే గొప్ప.

ఇక 2011 అబోటాబాద్. ఒసామా బిన్ లాడెన్ జాడ కోసం అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. ఒక డాక్టర్ చేత హెపటైటిస్ టీకాల కార్యక్రమం నడిపించింది. గరీబు బస్తీలో మొదటి డోసు వేశారు. మిగతా డోసులు వెయ్యకుండానే అనుమానమున్న ఇంటి పక్కకు మారిపోయారు. అంటే సూది కూడా ఆయుధమే అని వాళ్ళే రుజువు చేశారు. 2013లో అమెరికాలోని 12 ప్రజారోగ్య కళాశాలల అధిపతులు తమ అధ్యక్షుడికి ఉత్తరం రాసి నిరసన తెలిపితే, ఇకమీదట టీకాల పేరుతో గూఢచర్యం చెయ్యమని 2014లో మాటిచ్చారు. అప్పటికే 2012 డిసెంబరులో పాకిస్తాన్‌లో చుక్కలు వేసే ఆడపిల్లల్ని తుపాకులు కాల్చేశాయి. వాళ్ళు రోజుకూలీకి పనిచేసే ముస్లిం ఆడపిల్లలు. సి.ఐ.ఎ. ఆట ఆడింది. తాలిబాన్ తుపాకి పేల్చింది. చచ్చింది మా చెల్లెళ్ళు.

ఇక్కడ మేం ఒక్కమాట గట్టిగా చెప్పదల్చుకున్నాం. భయానికి కారణముంది అన్నంత మాత్రాన భయం న్యాయమైపోదు. కానోలో చుక్కలు ఆపేసినందుకు పడిపోయిన కాళ్ళు ఫైజర్ కంపెనీ డైరెక్టర్ల పిల్లలవి కావు. ఆ వైరస్ ఎల్లలు దాటి యెమెన్‌కు, ఇండోనేషియాకు పాకింది. అక్కడ కూడా కుంటివాళ్ళయింది మా పిల్లలే. సామ్రాజ్యవాదం మీద కోపం పసిపిల్లల కాళ్ళతో తీర్చుకోమని ఏ దీన్ చెప్పింది? చుక్కలు వద్దని ఫత్వా ఇచ్చినవాళ్ళు ఆ పిల్లలకు కాళ్ళు తెచ్చివ్వగలరా?

మరి మన దేశంలో ఎట్లా గెలిచాం? 2009లో దేశంలో 741 పోలియో కేసులు. చాలావరకు ఉత్తరప్రదేశ్, బీహార్లలోనే. 2011 జనవరిలో హౌరాలో ఒక పసిపాపకు వచ్చిందే చివరి కేసు. 2014 మార్చిలో పోలియో లేని దేశమన్నారు. ఉపన్యాసాలతో గెలవలేదు. మసీదు మైకులో ఇమామ్ చెప్పాడు. జామియా మిల్లియా, అలీగఢ్ చదువరులు వచ్చి కూర్చుని మాట్లాడారు. అదే మొహల్లా ఆడవాళ్ళు గడప గడపకూ తిరిగారు. మురుగునీళ్ళూ విరేచనాలూ ఉన్నచోట చుక్కలొక్కటే పనిచెయ్యవని ఒప్పుకుని నీళ్ళ గురించి, పారిశుద్ధ్యం గురించి కూడా పట్టించుకున్నారు. అంటే మమ్మల్ని మనుషులుగా లెక్కేశాక మేం తలుపు తీశాం.

ఈ సంగతి చెప్పే పుస్తకాలు లేవా? ఉన్నాయి. స్వియా క్లోసర్ అనే మానవశాస్త్రజ్ఞురాలు 2010లో పాకిస్తాన్ పోలియో మీద రాసిన పుస్తకంలో, చుక్కలు చేరకపోవడానికి తల్లిదండ్రుల మతం కన్నా తక్కువ జీతాలూ అధికారుల నిర్లక్ష్యమూ పెద్ద కారణాలని చూపించింది. రాండల్ పాకార్డ్ 2016లో రాసిన ప్రపంచ ఆరోగ్య చరిత్రలో, బయటివాళ్ళు వేరేవాళ్ళ బతుకుల్లోకి పథకాలు దించుతారే కానీ ఊరి దవాఖానను నిలబెట్టరని నిలదీశాడు. 1978లో కజక్ ముస్లింల గడ్డమీద ఆల్మా ఆటాలో 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అని ప్రకటించినవాళ్ళు ఆ మాట ఎందుకు మర్చిపోయారో ఇట్లాంటి పుస్తకాలు చదివితేనే తెలుస్తుంది. ఇవి మావైపు నిలబడే పుస్తకాలే. కానీ ఇవి తెలుగులో ఎక్కడున్నాయి? తెలుగులో మా గురించి ఉన్నది వాట్సప్ ప్రచారం. నలుగురు పెళ్ళాలు, నలభైమంది పిల్లలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ముస్లిం స్త్రీకి పుట్టే పిల్లల సగటు 1992-93లో 4.4. 2019-21 నాటికి 2.4కు దిగింది. ఈ రెండు అంకెలు ఏ ఉపన్యాసంలోనైనా విన్నారా?

ఇప్పుడు మా ఇంటి వైపు తిరుగుదాం. ఇంట్లో కసువు ఊడ్చుకోకుండా వీధిని తిట్టడం మాకిష్టం లేదు.

ఆధునిక ఇస్లామిక్ ఆలోచన అనే అరలో ఎవరున్నారు? జమాలుద్దీన్ అఫ్ఘానీ, ముహమ్మద్ అబ్దుహు, ఇక్బాల్, మౌదూదీ, సయ్యద్ ఖుతుబ్, అలీ షరియతీ, ఫజ్లుర్ రహమాన్. గొప్ప చదువులు. 1929 జనవరిలో ఇక్బాల్ మద్రాసు వచ్చి, హైదరాబాదు వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. అవే 1930లో పుస్తకమయ్యాయి. ఇస్లాంలో కదలిక సూత్రం ఇజ్తెహాద్ అన్నాడు. కాలం మారితే సొంత బుద్ధితో కొత్తగా ఆలోచించమన్నాడు. బాగుంది. మరి ఆ ఇజ్తెహాద్ దేనిమీద సాగింది? ఖిలాఫత్ మీద, రాజ్యం మీద, పశ్చిమ నాగరికత మీద, ఆడవాళ్ళ పరదా మీద. కాన్పులో రక్తం పోయి చచ్చిపోయే ఆడదాని మీద సాగిందా? వరసగా ఆరుగుర్ని కని నలభైకే ముసలిదయిన మా అమ్మీల మీద సాగిందా? టీబీ మందు ఆరునెలలు మింగాలంటే ఆరునెలలు కడుపుకు తిండి ఎవరు పెట్టాలన్న దానిమీద సాగిందా?

మౌదూదీ సాహెబు సంతాన నియంత్రణ మీద పుస్తకమే రాశాడు. వద్దని రాశాడు. ఆయనకు ఎనిమిది వందల ఏళ్ళకు పూర్వమే ఇమామ్ గజాలీ గర్భం రాకుండా జాగ్రత్తపడటం తప్పుకాదన్నాడు. భార్య ప్రాణం కోసమే కాదు, ఆమె అందం చెడకుండా ఉండటానికైనా సరేనన్నాడు. 1959లో అల్ అజ్హర్ పెద్ద షేఖ్ షల్తూత్ కుటుంబ నియంత్రణకు ఒప్పుకున్నాడు. బాసిం ముసల్లం అనే చరిత్రకారుడు 1983లో ఈ సంగతులన్నీ పుస్తకంలో పెట్టాడు. మరి మా బస్తీలో ఇజ్తెమా పెట్టే హజ్రత్‌లకు గజాలీ ఎందుకు గుర్తురాడు? మగవాడికి అవసరమైన చోట కితాబు తెరుచుకుంటుంది. ఆడదాని ప్రాణం దగ్గర మూసుకుంటుంది.

ప్లేగు వచ్చినప్పుడు ఖలీఫా ఉమర్ షామ్ దేశపు పొలిమేర నుంచి వెనక్కి తిరిగిన కథ మా పిల్లలకు కూడా వచ్చు. అల్లా రాసిన తఖ్దీర్ నుంచి పారిపోతున్నావా అని అబూ ఉబైదా అడిగితే, ఒక తఖ్దీర్ నుంచి మరో తఖ్దీర్ వైపు పోతున్నానని ఉమర్ జవాబిచ్చాడు. 639 నాటి మాట. 14వ శతాబ్దంలో గ్రనడాలో ఇబ్నుల్ ఖతీబ్ ఇంకో అడుగు వేశాడు. ప్లేగు అంటుకుంటుందని కళ్ళకు కనబడుతుంటే, కళ్ళు చెప్పినదాన్ని బట్టి హదీసుకు అర్థం చెప్పుకోవాలి కానీ కళ్ళు మూసుకోకూడదని రాశాడు. తర్వాత రాజకీయ కక్షలతో మతద్రోహం మోపి 1374లో ఆయన్ని జైల్లో చంపేశారు. మశూచికి అంటుపోసే విద్య 18వ శతాబ్దంలో తుర్కీ గడ్డమీద ముసలమ్మల చేతుల్లో ఉండేది. మేరీ మాంటెగ్యూ అనే ఇంగ్లీషు దొరసాని అక్కడ నేర్చుకుని 1721లో లండన్‌లో తన కూతురికి పోయించింది. అంటే టీకా మాకు పరాయిది కాదు. మా ముసలమ్మల విద్యే ప్రపంచమంతా తిరిగి మా గడపకొచ్చింది.

అయితే ఇబ్న్ సీనా పేరు చెప్పి మీసం మెలేసేవాళ్ళ కోసం మేం ఇది రాయడం లేదు. ఇబ్న్ సీనా మావాడే. ఆయన పేరు చెబితే పాతబస్తీ నల్లాలో మంచినీళ్ళొస్తాయా? వెయ్యేళ్ళ కిందటి గొప్ప చెప్పుకోవడం కూడా ఒక తాయెత్తే.

ఆ అరలో ఫజ్లుర్ రహమాన్ ఒకడు వేరుగా కనిపిస్తాడు. ఇస్లాం సంప్రదాయంలో ఆరోగ్యం, వైద్యం గురించి 1987లో పుస్తకం రాశాడు. ఖురాన్‌ను బతుకుతో కలిపి చదవమన్నందుకు 1968లోనే ఆయన పాకిస్తాన్ వదిలిపోవలసి వచ్చింది. షికాగోలో పాఠాలు చెప్పుకుంటూ పోయాడు. తర్వాత 2012లో షెరీన్ హమ్దీ అనే ఆవిడ ఈజిప్టులో కిడ్నీ రోగుల మీద రాసింది. శరీరం అల్లాది, కిడ్నీ మార్చుకోను అన్న గరీబు రోగిని తఖ్దీర్ నమ్మే మూఢుడని కొట్టిపారెయ్యలేదు. కలుషితమైన నీళ్ళూ తిండీ, పాడుబడ్డ దవాఖానలూ, అవయవాలు అమ్ముకునే బజారూ చూసిన మనిషి లెక్క వేసుకునే ఆ మాట అంటున్నాడని చూపించింది. మాకు కావలసిన చదువు ఇది. మతాన్నీ వొంటినీ ఒకేచోట పెట్టి చూసే చదువు.

ప్రగతిశీల మిత్రులారా, మీతోనూ ఒకమాట ఉంది. మా అమ్మీలు తాయెత్తు కట్టుకుంటారని, దర్గాకు పోతారని నవ్వుతారు. దర్గా ఎవరి కార్డూ అడగదు. లైన్లో నిలబెట్టి బురఖా చూసి ముఖం చిట్లించదు. మా ఇంటి ఆడవాళ్ళు ఒక సర్కారు దవాఖానకు పోతే చీటీ రాసే మనిషి జబ్బేమిటని అడిగేముందు 'ఎంతమంది పిల్లలు? ఆపరేషన్ చేయించుకోవా?' అని అడిగాడు. పళ్ళ నొప్పికి పోయారు వాళ్ళు. దర్గా పొగతో టీబీ పోదు, ఆ సంగతి మాకు తెలుసు. తాయెత్తును నమ్మి మందు మానేస్తే చస్తారని మా వాళ్ళతో మేమే కొట్లాడుతున్నాం. కానీ దవాఖానలో గౌరవం దొరికేదాకా దర్గా ఖాళీ కాదు. మీ వైజ్ఞానిక ప్రచారంలో ఈ పాఠం ఎందుకు లేదు? డిసెంబర్ 6న మమ్మల్ని వేదిక మీదికి పిలిచి ఏడిపించి పంపిస్తారు. మంచిదే. మిగతా రోజులు మేం ఏ నీళ్ళు తాగుతున్నామో అడగరేం?

నిజామాబాద్‌లో రోజంతా తంబాకు దుమ్ము పీలుస్తూ బీడీలు చుట్టే మా ఆపాలున్నారు. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వొంగిపోయినవాళ్ళలో మాల, మాదిగ, గౌడ, యాదవులతోపాటు మా దూదేకులవాళ్ళూ ఉన్నారు. ఆ నీళ్ళకు కులమూ మతమూ లేవు. ఆ నీళ్ళు మార్చని సర్కారుకు ఉన్నాయి. 2006లో సచార్ కమిటీ ఒక విచిత్రం చెప్పింది. ఇంత గరీబీలోనూ ముస్లింలలో పసిపిల్లల చావులు దేశం సగటుకంటే కాస్త తక్కువేనంది. అంటే చదువులేదని మీరనే మా అమ్మీలకు పిల్లల్ని బతికించుకునే విద్య ఏదో తెలుసు. ఆ విద్య ఏమిటని ఏ ఆలిమ్ అడిగాడు? ఏ పరిశోధకుడు తెలుగులో రాశాడు? మేమైనా అడిగామా? మాలో రాసేవాళ్ళు ఎక్కువ మగవాళ్ళే. ఈ వ్యాసం కూడా ఆ తప్పుకు బయట లేదు.

కాబట్టి మూడో అర కావాలి. అది మేమే కట్టుకోవాలి. ఖుత్బాలో తఖ్దీర్‌తోపాటు టీకా రావాలి, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం రావాలి, టీబీకి పూర్తి మందు రావాలి. ఆ సంగతులు ఇమామ్‌కు చెప్పే అర్హత నర్సుబాయికి, ఆశా కార్యకర్తకు ఉండాలి. ఉమర్ కథను సర్కారు దవాఖాన గోడమీద రాయాలి. ఉత్తావర్ కథను వైద్య విద్యార్థి పాఠంలో పెట్టాలి. బీడీలు చుట్టే ఆపా తన దగ్గు గురించి తానే చెబితే, దాన్ని ఆమె మాటల్లోనే అచ్చెయ్యాలి. అది ఇజ్తెహాద్ అవుతుంది, ప్రజారోగ్యమూ అవుతుంది.

బేగంపేటలో రాస్ పేరు ఉండనివ్వండి. మాకు అభ్యంతరం లేదు. ఆయన కనిపెట్టినదానివల్ల లోకం బాగుపడింది. మేమూ బాగుపడ్డాం. కానీ దోమతెర లోపలున్న మనిషిని బయటికి రానివ్వండి. అతని రక్తానికి అణాల లెక్కన బాకీ తీరిపోయిందని ఎవరైనా అనుకుంటే, తీరలేదని చెప్పడానికే మేం రాస్తున్నాం.